వాలు నేల మీద గోల్ఫ్ షాట్ ఆడటం ఎలా? సమగ్ర మార్గదర్శి

ప్రాక్టీస్ రేంజ్‌లో చదునైన మ్యాట్ మీద నిలబడి బంతిని చక్కగా కొట్టేవారు కూడా కోర్సులోకి వెళ్ళగానే తడబడుతుంటారు. స్వింగ్ (బంతిని కొట్టే కర్రను, అంటే క్లబ్‌ను, ఊపే తీరు) చెడిపోయిందని వారు అనుకుంటారు గాని, కారణం చాలాసార్లు కాళ్ళ కిందే ఉంటుంది. టీ (మొదటి షాట్ కొట్టే చోటు) దాటిన తరువాత నేల సమంగా దొరుకుతుందన్న హామీ ఎక్కడా లేదు. వాలు మీద బంతి ఆగితే ఏ క్లబ్ తీయాలి, ఎటు గురిపెట్టాలి, ఎలా నిలబడాలి అని పాఠకులు పదేపదే అడుగుతున్నందున, మొత్తం పద్ధతిని వరుస క్రమంలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఇందులోని సూచనలన్నీ కుడిచేతి వాటం ఆటగాళ్ళకు వర్తించేలా రాశాను. అంటే లక్ష్యం వైపున్న ఎడమ పాదం ముందు పాదం, కుడి పాదం వెనుక పాదం. ఎడమచేతి వాటం వారు కుడి, ఎడమలను తారుమారు చేసుకొని చదువుకోవాలి.

1. బంతిని చేరేలోపే వాలును అంచనా వేయడం

వాలును బంతి దగ్గర తల వంచుకొని చూస్తే సరిగా తెలియదు. పదిహేను ఇరవై అడుగుల దూరం నుంచి, వీలైతే పల్లం వైపు నుంచి, నడిచి వస్తూనే గమనించాలి. కొండ పక్కన ఉన్న కోర్సులలో పరిసరాలన్నీ ఒకే వైపు ఒరిగి ఉండటం వల్ల, ఉన్న వాలు కంటికి లేనట్టు అనిపిస్తుంది.

అటువంటి చోట పాదాలనే నమ్మాలి. బంతి పక్కన మామూలుగా నిలబడి, క్షణం పాటు కళ్ళు మూసుకుంటే బరువు ఎటు జారుతోందో తెలిసిపోతుంది. వెనుక పాదం మీదకు జారితే ఎక్కుడు వాలు. ముందు పాదం మీదకు జారితే దిగుడు వాలు. మడమల మీదకు జారితే బంతి పాదాల కంటే ఎత్తులో ఉన్నట్టు. మునివేళ్ళ మీదకు జారితే బంతి పాదాల కంటే దిగువన ఉన్నట్టు.

వాలు వేరు, లక్ష్యం ఎత్తు వేరు. మీరు నిలబడిన చోటు దిగుడు వాలులో ఉండి, గ్రీన్ (రంధ్రం, జెండా ఉండే నున్నని గడ్డి భాగం) మాత్రం మీకంటే ఎత్తులో ఉండవచ్చు. కాబట్టి ఈ రెండింటినీ విడివిడిగా లెక్కలోకి తీసుకోవాలి.

2. ఏ వాలుకైనా పాటించాల్సిన క్రమం

ఈ వరుసను తప్పనివ్వకండి. చాలామంది ముందు క్లబ్ తీసి, తరువాత నిలబడి, చివరికి ఎప్పుడో గురి గురించి ఆలోచిస్తారు.

1. వాలు ఏ రకమో, ఎంత ఉందో తేల్చుకోండి.
2. ఈ వాలు మీద బంతి ఎత్తుగా వెళ్తుందా, తక్కువ ఎత్తులో వెళ్తుందా, కుడికి పోతుందా, ఎడమకు పోతుందా అన్నది మనసులో స్థిరపరచుకోండి.
3. దాన్ని బట్టి క్లబ్‌ను, గురిని నిర్ణయించుకోండి.
4. బంతికి అడుగున్నర దూరంలో, అదే వాలు మీద, రెండు మూడు ప్రాక్టీస్ స్వింగ్‌లు చేయండి.
5. క్లబ్ గడ్డిని ఎక్కడ రాసుకుంటూ పోయిందో కళ్ళారా చూడండి.
6. ఆ చోటుకు సరిగ్గా బంతి వచ్చేలా మీ పాదాలను జరుపుకొని నిలబడండి.
7. నిండు స్వింగ్‌లో నాలుగింట మూడు వంతులతో, తూలకుండా ముగించగల వేగంతో కొట్టండి.

ఈ ఏడింటిలో నాలుగు, ఐదు, ఆరు అంశాలను నేను అన్నింటికంటే ముఖ్యమైనవిగా భావిస్తాను. బంతి ఏ పాదానికి దగ్గరగా ఉండాలన్న ప్రశ్నకు పుస్తక సూత్రం ఒక అంచనా మాత్రమే ఇస్తుంది. మీ శరీరం, మీ స్వింగ్, ఆ వాలు మూడూ కలిసినప్పుడు క్లబ్ నేలను ఎక్కడ తాకుతుందన్నది ఆ నలిగిన గడ్డిపరకలే చెబుతాయి. రెండు స్వింగ్‌లు రెండు వేర్వేరు చోట్ల తాకితే మీరింకా నిలదొక్కుకోలేదని అర్థం. పాదాల ఎడం కొంచెం పెంచి, స్వింగ్ మరికొంత కుదించి, మళ్ళీ ప్రయత్నించండి.

నిండు బలంతో కొట్టాలన్న కోరికను వాలు మీద వదులుకోవాలి. దూరం తగ్గుతుందనుకుంటే పెద్ద క్లబ్ (బంతిని ఎక్కువ దూరం పంపే పొడవైనది) తీయాలే తప్ప స్వింగ్‌ను పెంచకూడదు.

3. ఎక్కుడు వాలు

నాలుగింటిలో ఇది తేలికైనది. లక్ష్యం వైపు నేల పైకి లేస్తుంది కనుక బంతి సులువుగా గాలిలోకి లేస్తుంది. ఇబ్బంది అంతా దూరం విషయంలోనే.

భుజాలను వాలుకు సమాంతరంగా వంచాలి. అంటే కుడి భుజం మామూలు కంటే కిందకు దిగాలి, బరువు కుడి పాదం మీద ఎక్కువ పడాలి. కుడి మోకాలు బయటకు జారకుండా లోపలి వైపు బిగబట్టి ఉంచాలి. బంతి మధ్యలో గాని, ముందు పాదం వైపు కొంచెం జరిగి గాని ఉండాలి.

భుజాలు వాలును అనుసరించినప్పుడు, వాలు ఎన్ని డిగ్రీలుంటే క్లబ్ లాఫ్ట్ (బంతిని తాకే ముఖం వెనక్కి ఒరిగిన కోణం) దాదాపు అన్ని డిగ్రీలు పెరిగినట్టు పనిచేస్తుంది. పక్కపక్క అంకెల ఐరన్‌ల (లోహపు తల ఉన్న క్లబ్‌ల; అంకె పెరిగేకొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది) మధ్య లాఫ్ట్ తేడా సాధారణంగా 4 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి 5 డిగ్రీల ఎక్కుడు వాలు మీద మీ 7-ఐరన్ నిజానికి 8-ఐరన్‌లా ఎగురుతుంది. స్వల్ప వాలుకు ఒక క్లబ్, నిలువుగా ఉన్న వాలుకు రెండు క్లబ్‌లు పెద్దవి తీయడం ఇందువల్లనే. గ్రీన్ కూడా ఎత్తులో ఉంటే, ప్రతి మీటరు ఎత్తుకూ ఒక మీటరు దూరం చొప్పున కలుపుకోవడం వాడుకలో ఉన్న మోటు లెక్క.

బరువు వెనుక పాదం మీద ఉండిపోవడం వల్ల నడుము పూర్తిగా తిరగదు, చేతులు ముందుగా తిరిగిపోతాయి, బంతి ఎడమకు లాగుతుంది. గురిని కొద్దిగా కుడికి పెట్టుకుంటే చాలు.

సరిచూసుకోవలసినవి:
- కుడి భుజం దిగి, భుజాల గీత నేలతో పాటు ఒరిగి ఉందా?
- పెద్ద క్లబ్ తీసుకున్నారా?
- గురి కొద్దిగా కుడికి ఉందా?
- స్వింగ్ ముగిసేసరికి వెనక్కి రెండడుగులు తూలిపోకుండా నిలబడగలుగుతున్నారా?

4. దిగుడు వాలు

అనుభవం ఉన్న ఆటగాళ్ళు కూడా భయపడేది దీనికే. బంతి వెనుక నేల ఎత్తుగా ఉంటుంది కనుక, కిందకు దిగే క్లబ్ బంతి కంటే ముందు ఆ నేలనే తాకుతుంది. అది తప్పించుకోవాలని వెనక్కి వాలి, బంతిని పైకి లేపే ప్రయత్నం చేస్తే క్లబ్ అంచు బంతి నడినెత్తిన తగులుతుంది. రెండు తప్పులకూ మూలం ఒకటే: భుజాలు వాలుతో పాటు ఒరగకపోవడం.

ఎడమ భుజాన్ని కిందకు దించి, భుజాల గీతను నేలతో పాటు వంచాలి. బరువులో ఎక్కువ భాగం ఎడమ పాదం మీద మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. బంతిని మధ్య నుంచి వెనుక పాదం వైపు కొంచెం జరిపి ఉంచాలి. ఎక్కుడు, దిగుడు వాలులు రెండింటికీ పనికొచ్చే గుర్తు ఒకటుంది: ఏ పాదం ఎత్తున ఉంటే, బంతి ఆ పాదం వైపుకు కొద్దిగా జరగాలి.

బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్‌ను వెనక్కి ఎత్తే దశలో) క్లబ్ నేలను రాసుకోకుండా మణికట్లను కాస్త ముందుగానే వంచాలి. బంతిని తాకిన తరువాత క్లబ్ తల వాలు వెంట కిందకు సాగిపోవాలి. కొట్టాక ఆగలేక కుడికాలు ఒక అడుగు ముందుకు పడినా అది తప్పు కాదు. బరువు వెనక్కి పోలేదనడానికి అది సాక్ష్యం.

ఇక్కడ బంతి తక్కువ ఎత్తులో వెళ్ళి, నేల మీద ఎక్కువ దూరం దొర్లుతుంది. ఎక్కుడు వాలుకు చెప్పిన లెక్క ఇక్కడ తిరగబడుతుంది కనుక, 5 డిగ్రీల దిగుడు వాలు మీద 8-ఐరన్ సుమారుగా 7-ఐరన్‌లా ప్రవర్తిస్తుంది. చిన్న క్లబ్ తీసి, బంతిని గ్రీన్‌కు ముందే పడనిచ్చి, దొర్లుతూ చేరేలా చూడాలి. గ్రీన్ ముందు బంకరో (ఇసుక గుంట) నీరో ఉండి దొర్లించే దారి లేకపోతే, గ్రీన్ మధ్యకు గాని వెనుక భాగానికి గాని ఆడటం మేలు. శరీరం ముందుకు సాగి, క్లబ్‌ఫేస్ (బంతిని తాకే ముఖం) ఆలస్యంగా లక్ష్యం వైపు తిరగడం వల్ల బంతి కుడికి ఒరుగుతుంది. గురిని కొంచెం ఎడమకు పెట్టుకోండి.

దూరం చాలా ఉందని ఇక్కడ 3-వుడ్ (దూరం కొట్టే పొడవైన క్లబ్) తీయడం నా దృష్టిలో అతి ఖరీదైన పొరపాటు. దాని లాఫ్ట్ సుమారు 15 డిగ్రీలు. 5 డిగ్రీల వాలు పోగా మిగిలేది 10. అంటే టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) కూడా లేకుండా, గడ్డి మీద నుంచి, డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌తో) కొడుతున్నట్టు లెక్క. ఆట నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పార్-5 హోల్‌లో (ఐదు షాట్లలో ముగించాల్సినది) నేను ఈ పని చేసి, బంతిని ముప్పై అడుగుల దూరంలోని పొదలోకి పంపాను. తరువాత వెళ్ళి చూస్తే బంతి ఉన్న చోటుకు నాలుగు అంగుళాల వెనుక గడ్డి చెక్కుకుపోయి ఉంది. ఆ రోజు ఏ మధ్యస్థ ఐరన్‌తో ఆడినా మూడో షాట్‌కు గ్రీన్ మీద ఉండేవాడిని.

సరిచూసుకోవలసినవి:
- ఎడమ భుజం కుడి భుజం కంటే కింద ఉందా?
- బంతి మధ్యకు వెనుకగా ఉందా?
- లాఫ్ట్ ఎక్కువగా ఉన్న క్లబ్ చేతిలో ఉందా?
- బంతి ఎక్కడ పడి ఎంత దొర్లాలో నిర్ణయించుకున్నారా?

5. బంతి పాదాల కంటే ఎత్తులో ఉన్నప్పుడు

బంతి మీకు దగ్గరగా వచ్చినట్టు ఉంటుంది. కాబట్టి నడుమును తక్కువగా వంచి నిటారుగా నిలబడాలి, గ్రిప్‌ను (క్లబ్ పిడిని) రెండు మూడు సెంటీమీటర్లు కిందకు పట్టుకోవాలి. వాలు మిమ్మల్ని వెనక్కి నెడుతుంది కనుక బరువును పాదాల ముందు భాగం మీద నిలపాలి. స్వింగ్ సహజంగానే నడుము చుట్టూ తిరిగినట్టు చదునుగా వస్తుంది. దానిని నిలువుగా మార్చబోతే క్లబ్ నేలలో దిగబడుతుంది.

బంతి ఎడమకు ఎందుకు పోతుందో అర్థం కావాలంటే, ఒక వెడ్జ్‌ను (లాఫ్ట్ బాగా ఎక్కువ ఉన్న చిన్న క్లబ్‌ను) చేతిలోకి తీసుకొని, దాని క్లబ్‌ఫేస్ మీద ఒక టీని కాస్త జిగురు ముద్దతో నిటారుగా నిలబెట్టండి. క్లబ్ అడుగు నేల మీద సమంగా ఉన్నప్పుడు టీ నేరుగా లక్ష్యం పైకి చూపిస్తుంది. ఇప్పుడు క్లబ్ టో భాగాన్ని (మీకు దూరంగా ఉండే కొనను) మెల్లగా పైకి లేపండి. క్లబ్‌ను మీరు ఏ మాత్రం తిప్పకపోయినా, టీ ఎడమకు తిరగడం కనిపిస్తుంది. ఇదే పని 4-ఐరన్‌తో చేస్తే టీ చాలా తక్కువ తిరుగుతుంది.

దీన్ని అంకెలలో చెప్పవచ్చు. క్లబ్ అడుగు వాలుతో పాటు పూర్తిగా ఒరిగిందని అనుకుంటే, 5 డిగ్రీల వాలు మీద 56 డిగ్రీల వెడ్జ్ క్లబ్‌ఫేస్ 7 డిగ్రీలకు పైగా ఎడమకు చూస్తుంది. 80 మీటర్ల షాట్‌లో అది సుమారు 10 మీటర్ల తేడా. అదే వాలు మీద 32 డిగ్రీల 7-ఐరన్ 3 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. 140 మీటర్లకు అది 7, 8 మీటర్లు. వాలు 10 డిగ్రీలైతే వెడ్జ్ 14 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. అసలైన ఆటలో చేతుల ఎత్తు కొంత మారి, ఈ ఒరుగును కొంత మింగేస్తుంది కనుక, మొదట్లో ఈ లెక్కలో సగానికి గురిపెట్టి, ఫలితాన్ని బట్టి పెంచుకోవడం మంచిది.

దీని నుంచి తేలే పాఠం చాలామంది ఊహకు విరుద్ధంగా ఉంటుంది. పొడవైన క్లబ్‌లకు ఎక్కువ పక్కకు గురిపెట్టాలని అనుకుంటారు గాని, చిన్న వెడ్జ్‌లకే డిగ్రీల లెక్కన ఎక్కువ సవరణ కావాలి. పొడవైన క్లబ్‌లతో వచ్చే చిక్కు వేరు: చదునైన స్వింగ్ వల్ల బంతి గాలిలో ఎడమకు వంపు తిరిగి, నేల మీద పడ్డాక కూడా అదే దిక్కున పరిగెత్తుతుంది.

మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్ కోర్సులోని 13వ హోల్‌లో రెండో షాట్‌కు కుడిచేతి ఆటగాళ్ళకు ఎదురయ్యే పరిస్థితి ఇదే. బంతి పాదాల కంటే ఎత్తులో ఉంటుంది, గ్రీన్‌కు ముందు వాగు ఉంటుంది. అక్కడ టీవీలో ఆటగాళ్ళు గ్రీన్‌కు కుడిగా ఎంత దూరం గురిపెడుతున్నారో గమనిస్తే మంచి పాఠం దొరుకుతుంది.

సరిచూసుకోవలసినవి:
- గ్రిప్‌ను కిందకు పట్టుకున్నారా? తగ్గిన దూరానికి ఒక క్లబ్ పెద్దది తీశారా?
- బరువు పాదాల ముందు భాగం మీద ఉందా?
- గురి కుడికి ఉందా? వెడ్జ్ అయితే మరింత కుడికి ఉందా?

6. బంతి పాదాల కంటే దిగువన ఉన్నప్పుడు

దీనిలో గురి కంటే శరీర నియంత్రణ ముఖ్యం. బంతిని అందుకోవడానికి కిందకు వంగుతారు, కొట్టే క్షణంలో తెలియకుండానే పైకి లేస్తారు. బంతి నెత్తిన తగులుతుంది. లేదా వాలు లాగినట్టే ముందుకు తూలి, హీల్ దగ్గర (క్లబ్ తల కర్రను కలిసే చోట) తగిలి, బంతి షాంక్ అయి కుడికి ఎగిరిపోతుంది.

పాదాల ఎడం పెంచితే శరీరం దానంతట అదే కిందకు దిగుతుంది. ఆపైన తుంటి దగ్గర నుంచి వంగాలి. మోకాళ్ళను కొంచెం ఎక్కువ వంచాలి. వీపును గూనిగా వంచకూడదు. గ్రిప్‌ను చివరి దాకా పట్టుకోవాలి. బరువు మడమల మీద ఉండాలి. స్వింగ్ అంతా చేతులు, భుజాలతోనే సాగాలి, కాళ్ళు దాదాపు కదలకూడదు. ఇది మూడు వంతుల స్వింగ్ కూడా కాదు, అంతకంటే తక్కువే. తగ్గిన దూరానికి ఒక క్లబ్ పెద్దది తీయాలి.

బంతి కుడికి పోతుంది. కారణం పైన చెప్పినదే, దిక్కు మాత్రం మారుతుంది. గురిని ఎడమకు పెట్టుకోవాలి.

సరిచూసుకోవలసినవి:
- కుర్చీ అంచున కూర్చోబోతున్నట్టు తుంటి వెనక్కి వెళ్ళిందా?
- మోకాళ్ళ వంపు మొదటి నుంచి చివరి దాకా మారకుండా ఉందా?
- మడమల కింద నేల గట్టిగా తగులుతోందా?

7. రెండు వాలులు కలిసినప్పుడు

కోర్సులో ఒకే రకం వాలు దొరకడం అరుదు. ప్రభావాలు ఒకే దిక్కుకు ఉంటే సవరణను పెంచాలి, ఎదురెదురుగా ఉంటే తగ్గించాలి.

ఎక్కుడు వాలు, పైగా బంతి పాదాల కంటే ఎత్తులో ఉంటే రెండూ ఎడమకే లాగుతాయి. కుడికి ధైర్యంగా గురిపెట్టాలి. దిగుడు వాలు, పైగా బంతి దిగువన ఉంటే రెండూ కుడికే లాగుతాయి. అంతకంటే కష్టమైన షాట్ ఉండదు కనుక, గ్రీన్ ఆశ వదులుకొని వెడ్జ్‌తో చదును నేలకు చేరడమే తెలివైన పని. మిగిలిన రెండు జోడింపులలో దిక్కులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి గనుక నేరుగా గురిపెట్టి, నిలబడే తీరు మీద దృష్టి పెడితే సరిపోతుంది.

8. గ్రీన్ పక్కన, బంకర్‌లో

చిన్న చిప్‌లకు (గ్రీన్ పక్క నుంచి కొట్టే పొట్టి షాట్లకు) కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి. బంతి పాదాల కంటే బాగా ఎత్తులో ఉన్నప్పుడు వెడ్జ్‌కు బదులు 8-ఐరన్ తీస్తే, లాఫ్ట్ తక్కువ కనుక దిక్కు తప్పడం దాదాపు సగానికి తగ్గుతుంది. నిలువైన ఎక్కుడు వాలు మీద చిన్న షాట్‌కు మాత్రం భుజాలను వాలుతో వంచకుండా, ముందు పాదం మీదకు ఒరిగి, క్లబ్‌ను గట్టులోకి దించి ఆపేయవచ్చు. ఫాలోత్రూ (బంతిని తాకాక క్లబ్ ముందుకు సాగడం) ఉండదు, బంతి అతిగా పైకి లేవదు.

బంకర్‌లో ఎక్కుడు వాలైతే బంతి నిట్టనిలువుగా లేచి దగ్గరలోనే పడుతుంది, కాబట్టి అనుకున్నదానికంటే బలంగా కొట్టాలి. దిగుడు వాలైతే క్లబ్‌ఫేస్‌ను బాగా తెరిచి (కుడికి చూసేలా తిప్పి), బరువు ఎడమ పాదం మీద ఉంచి, క్లబ్ తలను ఇసుక వాలు వెంటే కిందకు పోనివ్వాలి. బంతి తక్కువ ఎత్తులో వచ్చి ఎక్కువగా దొర్లుతుందని ముందే ఒప్పుకోవాలి.

9. మరవకూడని నిబంధనలు

- పాదాలను గట్టిగా నిలదొక్కుకోవచ్చు. ఇసుకలో, వదులు మట్టిలో పాదాలను కొంతమేరకు దించవచ్చు. నేలను తవ్వి మెట్టులా చేసుకోవడం, పాదం కింద ఏదైనా పెట్టుకోవడం కుదరదు.
- బంకర్‌లో ప్రాక్టీస్ స్వింగ్ చేసేటప్పుడు క్లబ్ ఇసుకను తాకకూడదు.
- ఫెయిర్‌వేలో (పొట్టిగా కోసిన గడ్డి దారిలో) గాని రఫ్‌లో (పక్కనున్న పొడవాటి గడ్డిలో) గాని ఉన్న బంతి గాలికో వాలుకో తనంతట తాను దొర్లితే, జరిమానా లేకుండా కొత్త చోటు నుంచే ఆడాలి. మీరు కదిలిస్తే ఒక స్ట్రోక్ జరిమానా పడుతుంది, బంతిని పాత చోట పెట్టాలి. అందువల్ల జారేలా ఉన్న బంతి వెనుక క్లబ్‌ను నేలకు ఆనించకుండా గాలిలోనే నిలిపి ఉంచడం క్షేమం.
- దూరం కొలిచే పరికరాలలో ఎత్తుపల్లాలను లెక్కగట్టే సదుపాయం ఉంటే, పోటీలో దానిని ఆపివేయాలి.

10. తప్పు జరిగాక కారణం పట్టుకోవడం

*బంతికి వెనుక నేల చెక్కుకుపోతే:* దిగుడు వాలులో బరువు వెనుక పాదం మీద మిగిలిపోయింది. లేదా బంతి ఎత్తులో ఉన్నప్పుడు గ్రిప్‌ను కిందకు పట్టుకోలేదు.

*బంతి నెత్తిన తగిలితే:* కొట్టేటప్పుడు పైకి లేచారు. స్వింగ్‌ను సగానికి తగ్గించి, ఛాతీ ఎత్తు మారకుండా చూసుకోండి.

*బాగా తగిలినా పక్కకు పోతే:* స్వింగ్‌లో తప్పు లేదు. గురి సవరణ చాలలేదు, లేదా ఎక్కువైంది. చాలామంది ఇక్కడే బాగున్న స్వింగ్‌ను మార్చుకొని చెడగొట్టుకుంటారు.

*పక్కకు గురిపెట్టాక కూడా క్లబ్‌ను జెండా వైపు తిప్పేస్తుంటే:* జెండాను చూడటం మానేసి, మీరు ఎంచుకున్న దిక్కులో బంతికి రెండు మూడడుగుల ముందున్న ఒక ఎండుటాకునో పాత డివాట్‌నో (గడ్డి చెక్కుకుపోయిన గుర్తునో) గుర్తుపెట్టుకొని దాని మీదుగా కొట్టండి.

11. సాధన

చదును మ్యాట్ తప్ప వేరే చోటు లేనివారు రెండు పాదాలనూ దగ్గరగా చేర్చి, 9-ఐరన్‌తో సగం స్వింగ్‌లు ఇరవై కొట్టాలి. తూలితే బంతి సరిగా తగలదు కనుక, వాలు మీద కావలసిన నిలకడ దీనితో అలవడుతుంది. తరువాత కుడి మడమను పైకెత్తి, బరువంతా ఎడమ కాలి మీద ఉంచి మరో పది కొట్టాలి. దిగుడు వాలుకు ఇది దగ్గరి సాధన.

వాలు దొరికే చోట సాధనకు అనుమతి ఉంటే, ఒక్కో రకం వాలు మీద 7-ఐరన్‌తో పది, వెడ్జ్‌తో పది బంతులు కొట్టి, అవి సగటున ఎన్ని అడుగులు పక్కకు పడ్డాయో, ఎంత దూరం తగ్గిందో స్కోర్‌కార్డు వెనుక రాసి బ్యాగులో పెట్టుకోండి. నా కార్డులో బంతి దిగువన ఉన్న వాలుకు ఎదురుగా 7-ఐరన్ గడిలో ఉన్నది ఇంతే: "గురి ఎడమకు ఆరు అడుగులు, కాళ్ళు కదపకు."